నేను మా అన్నను కాను

పెద్దోడికీ చిన్నోడికీ మధ్య తేడా పదకొండు నెలలు. చిన్నోడికి ఆరేళ్ళు నిండేసరికి ఆ తేడా కూడా చెరిగిపోయింది. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే రంగు, నవ్వితే బుగ్గ మీద ఒకే పక్క సొట్ట. రెండుసార్లు తిరగడం ఎందుకని తండ్రి ఇద్దర్నీ ఒకేరోజు, ఒకే తరగతిలో చేర్పించాడు. తల్లి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఒకే తానులోంచి రెండు చొక్కాలు తీస్తే గుడ్డ కలిసొస్తుందని ఇద్దరికీ ఎప్పుడూ ఒకే రంగు. వీధిలో ఎవడు ఎవడో పోల్చుకునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఇద్దరిలో ఒకడు కనబడితే చాలు, "రెండోవాడేడిరా?" అనేవాళ్ళు.

పెద్దోడు మాటకారి. వాడు పక్కనుండగా చిన్నోడికి నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. కొట్టుకెళ్తే పెద్దోడే అడిగేవాడు. చిన్నోడికి జ్వరమొస్తే డాక్టరు దగ్గర, "వీడికి మూడ్రోజుల నుంచి గొంతు నొప్పండీ, మింగలేకపోతున్నాడు" అని పెద్దోడు చెప్పేవాడు. చిన్నోడు నోరు తెరిచి చూపించేవాడు, అంతే.

పద్నాలుగేళ్ళప్పుడు బడిలో ఆటల పోటీలు జరిగాయి. లాంగ్ జంప్‌లో పెద్దోడు మొదటొచ్చాడు. బహుమతులిచ్చే రోజు హెడ్మాస్టరు పేరు పిలిచేసరికి పెద్దోడు నీళ్ళు తాగడానికి కుళాయి దగ్గరికెళ్ళాడు. డ్రిల్లు మాస్టారు వరసలో చిన్నోణ్ణి చూసి, "ఏంట్రా అలా నిలబడ్డావ్, పద పద" అని భుజం పట్టుకుని స్టేజీ వైపు తోశాడు. నేను కాదండీ అనడానికి చిన్నోడికి గొంతు పెగల్లేదు. మెట్లెక్కాడు. కప్పు చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో కూడా తీశారు.

దిగి వచ్చేసరికి పెద్దోడు తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. చిన్నోడు కప్పు అందించాడు.

"నాకొద్దు."

"నీదేగా."

"ఫోటోలో ఎవడున్నాడు? నువ్వే ఉంచుకో."

పెద్దోడు ఆ మధ్యాహ్నమే వెళ్ళి జుట్టు నున్నగా గొరిగించుకొచ్చాడు. మర్నాడు వెనక బెంచీకి మారిపోయాడు. చిన్నోడు కూడా సంచి తీసుకుని వెనక్కి వెళ్ళబోతే, "నువ్వు ముందే కూర్చో" అన్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో ఆగి చెప్పాడు. "ఇకనుంచి నాతో రావద్దు. దారి ఒకటే కదా అంటావేమో. నువ్వు ఆ పక్కన నడువు."

చిన్నోడు రోడ్డు దాటి ఆ పక్కకి వెళ్ళాడు.

ఆ తర్వాత బడి అయిపోయేదాకా రెండేళ్ళ పాటు, ఒకే గుమ్మంలోంచి బయల్దేరి, ఒకే వీధికి చెరో వైపునా నడిచారు. పెద్దోడి చుట్టూ ముగ్గురు నలుగురు స్నేహితులు పోగయ్యారు. వాళ్ళ నవ్వులు ఇటు వినిపించేవి, మాటలు వినిపించేవి కావు. వానాకాలంలో తల్లి ఇద్దరికీ కలిపి ఒక్క గొడుగు ఇచ్చేది. ఒకే గొడుగు కింద ఎలాగూ వెళ్ళరు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని కూడా అనుకోలేదు. గొడుగు గుమ్మం పక్కనే వదిలేసి చెరో వైపునా తడిసి ముద్దై ఇంటికొచ్చారు.

"గొడుగు ఇంట్లో పెట్టుకుని తడిసొచ్చే వెధవల్ని నేనెక్కడా చూళ్ళేదు" అంది తల్లి, తువ్వాలు విసిరేస్తూ. "అసలేమైందిరా మీ ఇద్దరికీ?"

"ఏం కాలేదు" అన్నాడు పెద్దోడు.

"ఏం కాలేదు" అన్నాడు చిన్నోడు. అబద్ధం కాదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. రాత్రిళ్ళు అదే గదిలో, పక్కపక్క మంచాల మీదే పడుకునేవాళ్ళు. లైటు ఆర్పమని, కిటికీ వేయమని తప్ప మాటలుండేవి కావు.

పెద్దోడితో పాటు తన గొంతు కూడా వెళ్ళిపోయిందని చిన్నోడికి మెల్లగా తెలిసింది. టీ కొట్టు ముందు నిలబడి అడగలేక తిరిగొచ్చేవాడు. తరగతిలో పిల్లలు మంచివాళ్ళే, ఎవరూ ఏడిపించలేదు. వాడు పెద్దోడి తమ్ముడని అందరికీ తెలుసు. అంతకు మించి తెలుసుకోవాల్సిందేమీ ఎవరికీ తోచలేదు. కొన్నాళ్ళకి వాడికీ తోచలేదు.

పంతొమ్మిదేళ్ళకి పెద్దోడు వేరే ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్లో పనికి కుదిరాడు. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని, క్లచ్ మీద కాలెలా వేయాలో, మలుపులో అద్దమెప్పుడు చూడాలో చెప్పే పని. పొద్దస్తమానం మాట్లాడాలి. ఎవరైనా బెదిరిపోతే జోకులేసి నవ్వించాలి. వాడికి సరిపోయిన ఉద్యోగం. చిన్నోడు రెండేళ్ళ కోర్సు చదివి పెద్దాసుపత్రిలో ఎక్స్-రే తీసే పనికి చేరాడు. "గడ్డం పైకెత్తండి. భుజాలు ముందుకి. గట్టిగా గాలి పీల్చండి. ఆపండి. వదలండి." రోజుకి తొంభై మందికి ఇవే మాటలు. ఇవి చెప్పడానికి గొంతు పెగలక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండు దాకా వాటంతటవే వచ్చేవి. వాడికీ సరిపోయిన ఉద్యోగమే.

పెద్దోడి పెళ్ళిలో చిన్నోడు రోజంతా ఎవరిదో సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరిదో చివరిదాకా తెలియలేదు. తర్వాత వాడికీ పెళ్ళయింది. ఆమె బళ్ళో పాఠాలు చెప్పేది. నాలుగేళ్ళు కాపురం చేశారు. ఒక ఆదివారం ఆమె బట్టలు సర్దుకుంటూ, "నువ్వు చెడ్డవాడివని నేనెక్కడా అనను. కానీ నువ్వింట్లో ఉన్నావో లేవో తెలియాలంటే గుమ్మంలో చెప్పులు చూసుకోవాల్సి వస్తోంది" అంది. చిన్నోడు ఆలోచించాడు. ఆమె పెట్టె మోసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. ఆ వారం పెద్దోడు ఫోను చేశాడు. "విన్నాను. ఎలా ఉన్నావ్?" "బానే ఉన్నా." "సరే, జాగ్రత్త." తల్లీ తండ్రీ ఒకరి తర్వాత ఒకరు పోయాక ఆ మాత్రం ఫోన్లు కూడా తగ్గిపోయాయి. గొడవంటూ ఉంటే సర్దుకోవడానికైనా ఉండేది.

చిన్నోడికి నలభై మూడేళ్ళప్పుడు జరిగింది అసలు సంగతి.

ఒక బుధవారం పొద్దున, బయట బెంచీల మీద పన్నెండు మంది కూర్చుని ఉండగా, ఒక ముసలాయన దగ్గుతూ లోపలికొచ్చాడు. వేళ్ళ సందుల్లో ఎండిపోయిన బంక. చీటీ అందిస్తూ చిన్నోడి మొహంలోకి చూసి ఆగిపోయాడు.

"నువ్వా! ఇక్కడున్నావేంట్రా నువ్వు? డ్రైవింగ్ మానేశావా?"

చిన్నోడికి అర్థమైంది. బయట పన్నెండు మంది. మేం ఇద్దరన్నదమ్ములం, ఇద్దరం ఒకేలా ఉంటాం, మీరనుకుంటున్నది మా అన్నయ్యని అని చెప్పాలంటే ఎన్ని మాటలు! "ఊఁ" అన్నాడు.

"ఎన్నేళ్ళైందిరా! చిక్కిపోయావు. మాట కూడా తగ్గిందే!" ముసలాయన వాడి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపాడు. "మా అమ్మాయికి బదిలీ అయితే మేమూ ఇక్కడికే వచ్చేశాం. మీ పిన్ని చూసిందంటే వదిలిపెట్టదు నిన్ను."

"గడ్డం పైకెత్తండి" అన్నాడు చిన్నోడు. "గట్టిగా గాలి పీల్చండి. ఆపండి."

తెర మీద బొమ్మ వచ్చింది. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత తెల్లటి మచ్చ. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాడు, అదేంటో వాడికి తెలుసు. చెప్పే అధికారం వాడిది కాదు, డాక్టరుది. "వదలండి" అన్నాడు. ముసలాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇంటి గుర్తులు రెండుసార్లు చెప్పి, "ఆదివారం రావాలి. రాకపోతే నేనే మళ్ళీ దగ్గుకుంటూ ఇక్కడికొస్తా" అని నవ్వుతూ వెళ్ళాడు.

చిన్నోడు ఆదివారం వెళ్ళాడు. ఆ మచ్చ చూసినందుకు కావచ్చు. ఒకరు తన కోసం ఎదురుచూస్తున్నారని తెలిసి చాలా కాలమైనందుకు కావచ్చు, ఆ ఎదురుచూపు తన కోసం కాకపోయినా.

ముసలాయన పుస్తకాలు బైండు చేసేవాడు. కూతురి ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీదే దారాలు, బంక డబ్బా, అట్టముక్కలు పరుచుకుని ఎవరివో పాత డైరీలు కుడుతున్నాడు. పెద్దోడు ఉద్యోగం మొదలెట్టిన ఊళ్ళో ఈయన దుకాణం పైనున్న గదిలోనే ఐదేళ్ళు అద్దెకున్నాడట. ఆ సంగతులన్నీ చిన్నోడు తలూపుతూ వింటూ పోగుచేసుకున్నాడు.

"ఏంట్రా, పిన్నీ అని ఒక్కసారి కూడా పిలవలేదు?" అంది ఆయన భార్య టీ ఇస్తూ.

"పిన్నీ" అన్నాడు చిన్నోడు.

"నిన్ను తల్చుకోని రోజు లేదంటే నమ్ము. మొదటి ఏడాది సాయంత్రమైతే దుకాణం మెట్ల మీద కూర్చునేవాడివి. పనేమైనా ఉందా బాబాయ్ అని. షట్టర్ దించేదాకా పైకి కదిలేవాడివి కాదు. పైకెళ్ళాక రేడియో. ఒకసారి రెండ్రోజులు కిందికి దిగలేదు. ఏమయ్యాడా అని నేనే పైకొచ్చి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. ఎవర్నైనా పిలవచ్చుగా అంటే..." ఆమె గొంతు తగ్గించింది. "ఒంటరిగా పడుకోవడం అలవాటు లేదు పిన్నీ, పక్క మంచం మీద మా తమ్ముడుండేవాడు అని గోడకేసి తిరిగి ఎంత ఏడ్చావు! పోయిన పిల్లాడి మీద నువ్వంత బెంగ పెట్టుకుంటే నీ తల నిమురుతూ అక్కడే కూర్చున్నా. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడైనా ఎందుకెత్తానో, వదిలేయ్."

పోయిన పిల్లాడు అంటే తనే అని చిన్నోడికి తట్టడానికి కొంచెం సేపు పట్టింది. తట్టాక కూడా ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పంటికి మత్తిచ్చాక డాక్టరు ఏదో లాగుతున్నాడని తెలుస్తుంది గానీ నొప్పి తెలియదే, అలా ఉంది. కప్పులో టీ పూర్తిగా తాగాడు. బాగుంది పిన్నీ అన్నాడు. వచ్చే ఆదివారం వస్తానన్నాడు.

ఐదు ఆదివారాలు వెళ్ళాడు. ఈలోగా మచ్చ సంగతి డాక్టరు చెప్పాడు, మందులు మొదలయ్యాయి. ముసలాయన కాస్త ఎక్కువ దగ్గేవాడు, పని మాత్రం ఆపలేదు. ఐదో ఆదివారం ఒక డైరీ కుడుతూ సూది చిన్నోడి చేతికిచ్చాడు. "ఈ కట్ట నువ్వు కుట్టు. నేర్పాగా నీకు."

చిన్నోడు సూది పట్టుకుని కూర్చున్నాడు. ఏ చిల్లులోంచి దూర్చాలో తెలియలేదు. పిన్ని లోపల ఎవరితోనో ఫోనులో ఉంది.

"నేను మా అన్నను కాను" అన్నాడు.

ముసలాయన సూది వెనక్కి తీసుకున్నాడు. "తెలుసు. రెండోసారి వచ్చినప్పుడే తెలిసింది. వాడు ఇంతసేపు నోరు మూసుకు కూర్చుంటే ఊపిరాడక చచ్చేవాడు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?" ముసలాయన దారం పంటితో కొరికాడు. "ఇంటికొచ్చిన మనిషిని నువ్వెవడివని అడుగుతామా? కానీ చచ్చిపోయాడన్నవాడు ఎదురుగా కూర్చుని బిస్కెట్లు తింటుంటే నాకు కాస్త కంగారుగానే ఉండేది. వాణ్ణోసారి తీసుకురా. ఎక్కువ కాలం ఆగకు."

చిన్నోడు మర్నాడు డ్యూటీ దిగాక ఫోను చేశాడు.

"అన్నయ్యా, బైండింగ్ బాబాయ్ గుర్తున్నాడా?"

అవతల కారు ఇంజను చప్పుడు వినబడుతోంది. "ఆ పక్కన ఆపండి" అని ఎవరికో చెప్పి, పెద్దోడు అడిగాడు. "నీకెలా తెలుసు?"

"ఆసుపత్రికొచ్చాడు. నన్ను చూసి నువ్వనుకున్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అన్లేదు."

"అవున్లే. నీకది అలవాటేగా."

ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి కప్పు గురించి అన్నాడని ఇద్దరికీ తెలుసు. చిన్నోడు అది దాటేసి, ఆయనకి బాలేదనీ చూడాలనుకుంటున్నాడనీ చెప్పాడు. పెద్దోడు వస్తానన్నాడు.

ఆదివారం బస్టాండులో దిగినవాణ్ణి చూస్తే చిన్నోడికి అద్దం చూసినట్టే ఉంది. జుట్టు కూడా ఒకేచోట పల్చబడింది. పెద్దోడి పొట్ట మాత్రం కొంచెం ముందుంది. దారిలో పెద్దోడు రోడ్ల గురించి, సిగ్నల్ దగ్గర తప్పుగా తిప్పిన కారు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఫ్లాటు తలుపు ముందు ఆగి, "ఆవిడ ఏమైనా చెప్పిందా నీకు?" అన్నాడు.

"చెప్పింది."

పెద్దోడు బెల్లు నొక్కాడు.

తలుపు తీసిన పిన్ని ఇద్దర్నీ చూసింది. మళ్ళీ చూసింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"చచ్చిపోయాడన్నావు కదరా!"

"చచ్చిపోయాడనలేదు పిన్నీ. ఉండేవాడు అన్నాను."

"ఉండేవాడంటే ఏంటిరా అర్థం?"

"పక్క మంచం మీద ఉండేవాడు అన్నాను. ఉండేవాడు, అంతే. నువ్వు నా తల నిమిరావు. పోయినవాళ్ళు తిరిగొస్తారా నాన్నా అన్నావు. అప్పుడు నాకు తెలిసింది నువ్వెలా అనుకున్నావో." పెద్దోడు మాటల కోసం తడుముకోవడం చిన్నోడు చూడటం అదే మొదటిసారి. "కాదు, ఇంటి దగ్గర బానే ఉన్నాడు, మేం మాట్లాడుకోం అంతే అని చెబితే నువ్వు చెయ్యి తీసేసేదానివి. సిగ్గు లేదా, వెళ్ళి మాట్లాడుకో పో అనేదానివి. నువ్వు చెయ్యి తియ్యకుండా ఉంటే చాలనుకున్నా. తర్వాత రోజులు గడిచిపోయాయి. ఇంకెలా దిద్దుకోను?"

"ముక్కూమొహం తెలియని పిల్లాడి కోసం ఎన్నేళ్ళు బాధపడ్డానో తెలుసా?" పిన్ని చిన్నోడి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చుగా! నీ చావు గురించి నీకే చెబుతుంటే, టీ బాగుంది అంటావా?"

"బాగుంది మరి" అన్నాడు చిన్నోడు.

లోపల్నించి ముసలాయన నవ్వు వినబడింది, తర్వాత దగ్గు, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. పిన్ని గరిటె పక్కన పడేసి నీళ్ళు తెచ్చింది. ఆ గొడవలో అందరూ కూర్చున్నారు. పెద్దోడు బల్ల దగ్గరికి జరిగి, అడక్కుండానే సూది అందుకుని, సగంలో ఆగిన కట్ట కుట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళు మర్చిపోలేదు. కాసేపటికి నాలుకా దారిలో పడింది. డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చి గోడలో దూరిన లాయరు కథ చెప్పాడు. పిన్ని కోపం పక్కన పెట్టి నవ్వింది. చిన్నోడు ఒక పక్కగా కూర్చుని విన్నాడు.

తిరిగి బస్టాండుకి నడుస్తుంటే పెద్దోడే అడిగాడు.

"కోపమొచ్చిందా?"

చిన్నోడు వెతుక్కున్నాడు. "లేదు. రావాలేమో. రాలేదు."

"బడిలో నీ వైపు చూడకూడదని మెడ పట్టేసేదాకా బిగించి నడిచేవాణ్ణి, తెలుసా నీకు? ఎవడో ఒకడు నన్ను నన్నుగా పిలిస్తే చాలనుండేది. పిలిచారు. ఆ ఊళ్ళో రెండోవాడేడని అడిగినవాడు ఒక్కడూ లేడు. అప్పుడు గదిలో..." పెద్దోడు ఆగిపోయాడు. బస్సు వచ్చి నిలబడింది. "ఒక్కడివే వండుకుంటావా?"

"ఊఁ."

"ఏం వండుకుంటావ్?"

"ఏదో ఒకటి."

పెద్దోడు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బయల్దేరడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఒకడు లోపల, ఒకడు కింద అలాగే ఉన్నారు. చిన్నోడు వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకున్నాడు గానీ వెళ్ళలేదు.

ముసలాయన ఐదు నెలలు బతికాడు. ఆఖరి ఎక్స్-రే కూడా చిన్నోడే తీశాడు. అప్పటికి ఆయన నిలబడలేకపోతే వార్డుకి మిషను తోసుకెళ్ళి, వీపు కింద ప్లేటు తనే సర్దాడు. "గాలి పీల్చండి బాబాయ్" అన్నాడు. "ఎక్కడుందిరా పీల్చడానికి" అన్నాడాయన. పోయిన రోజు అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. అక్కడ ఒకరిద్దరు మీరు కవలలా అని అడిగితే, కాదు పదకొండు నెలలు తేడా అని పెద్దోడు చెప్పాడు.

ఇప్పుడు ఆదివారాలు పెద్దోడు ఫోను చేస్తున్నాడు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పెద్దోడు కారు గురించో కూతురి పరీక్షల గురించో నాలుగు మాటలు చెబుతాడు, చిన్నోడు ఊఁ కొడతాడు, తర్వాత ఇద్దరికీ మాటలైపోతాయి. మొదట్లో అప్పుడు పెట్టేసేవాళ్ళు. మొన్న ఒక ఆదివారం టీవీలో క్రికెట్ వస్తోంది. ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. అటు గదిలో టీవీ చప్పుడు ఇటు, ఇటుది అటు, అర సెకను తేడాతో వినబడుతున్నాయి. అలా ముప్పావుగంట గడిచింది.

"చూశావా?" అన్నాడు పెద్దోడు.

"చూశాను" అన్నాడు చిన్నోడు. "అవుట్ కాదు."

"అవుటే."

చిన్నోడు టీవీ చప్పుడు తగ్గించి, "కాదు" అన్నాడు.